కొసరు కోసం ఒక అబద్ధం

అసలు కన్నా కొసరు ముద్దు అంటారు పెద్దలు. కూరగాయలు తూచాక బుట్టలో పడే రెండు కరివేపాకు రెబ్బలు, పాలు కొలిచాక గిన్నెలోకి జారే మరి కాస్త ధార... కొసరంటే ఇదే. ఏ చెయ్యి మనసారా కొసరు వేస్తుందో చూసుకుని మన నానమ్మలు, అమ్మమ్మలు దుకాణాన్ని ఎంచుకునేవారు. ఇప్పుడు ఆ కొసరు కార్ల షోరూముల దాకా వచ్చింది. ఫ్లోర్ మ్యాట్లు, సీటు కవర్లు, వెనుక కెమెరా, బాడీ కవర్, అడుగుభాగానికి తుప్పు పట్టకుండా పూత, వీలైతే ట్యాంకు నిండా పెట్రోలు... కొత్త కారు కొనేవారు వీటన్నింటినీ ఉచితంగా అడుగుతారు. ఇలా అడగటం తప్పా? ఎలా అడిగితే ఒప్పు, ఎలా అడిగితే తప్పు?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు. కొంతకాలం క్రితం మా దగ్గరి బంధువు ఒకరు తన జీవితంలో మొదటి కారు కొన్నారు. బేరం చేసే రోజు మమ్మల్ని తోడు రమ్మన్నారు. ఆయన పదేళ్ల కొడుకు కూడా వెంట వచ్చాడు. ధర కుదిరాక కొసరు మొదలైంది. ఎదురుగా కూర్చున్న కుర్రవాడికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. మ్యాట్లు, సీటు కవర్లు ఇస్తామన్నాడు. కెమెరా మాత్రం తన చేతిలో లేదన్నాడు. అప్పుడు మా బంధువు, "అవతలి షోరూములో కెమెరా కూడా ఉచితంగా ఇస్తామన్నారు. మీ దగ్గరే కొనాలని వచ్చాం" అన్నారు. కుర్రవాడు మా వైపు చూశాడు. మేము తల ఊపాము. అతను లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. కెమెరా కూడా ఖాయమైంది.

తిరిగి వస్తుండగా వెనుక సీట్లోంచి పిల్లవాడు అడిగాడు: "నాన్నా, మనం ఇంకో షోరూముకు ఎప్పుడెళ్లాం?"

మాలో ఎవ్వరమూ జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చాక గుర్తుకు వచ్చింది. ఒక తల్లి తన పిల్లవాణ్ణి, ఇటు రా, నీకొకటి ఇస్తానంటూ పిలిచినప్పుడు, ఏమివ్వాలనుకున్నావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా నమోదయ్యేదని ఆయన (స) హెచ్చరించారు. పసివాణ్ణి పిలవడానికి ఆడే మాటకే లెక్క ఉంటే, పసివాడి ముందే కెమెరా కోసం ఆడిన మాటకు, దానికి మేము ఊపిన తలకు లెక్క ఉండదా?

అడగటం తప్పు కాదు

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. బేరమాడటం ఇస్లాంలో నిషిద్ధం కాదు. ఒక ప్రయాణంలో హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒంటె అలసి వెనుకబడిపోయింది. దైవప్రవక్త (స) దాన్ని తనకు అమ్మమని అడిగి బేరం చేశారు. ధర కుదిరింది. అయితే మదీనా చేరేదాకా దానిపైనే ప్రయాణం చేస్తానని జాబిర్ (రజి) కోరారు. ఆయన (స) ఒప్పుకున్నారు. దీన్ని బేరంలో షరతుగా తీసుకోవాలా, దైవప్రవక్త (స) చేసిన మేలుగా తీసుకోవాలా అన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. కాని ఒకటి మాత్రం స్పష్టం. జాబిర్ (రజి) తనకు కావలసింది దాచుకోలేదు, సాకు చెప్పలేదు. ఉన్నదున్నట్టు అడిగారు.

ఆ తరువాత జరిగింది ఇంకా ముఖ్యం. మదీనా చేరాక ఒంటెను అప్పగిస్తే, ధర తూచి ఇచ్చి పైన కొంత కలపమని దైవప్రవక్త (స) హజ్రత్ బిలాల్ (రజి)కు చెప్పారు. చివరకు ఒంటెను కూడా జాబిర్ (రజి)కే తిరిగి ఇచ్చేశారు. ఆ రోజు అదనంగా దొరికిన దాన్ని జాబిర్ (రజి) ఎంతో కాలం తన సంచిలో పదిలంగా దాచుకున్నారు. మరో సందర్భంలో హజర్ ప్రాంతం నుండి బట్టలు తెచ్చిన వర్తకుల వద్ద ఆయన (స) ఒక పైజామా బేరమాడారు. వెల తూచే మనిషితో, త్రాసు కాస్త అటు మొగ్గేలా తూచమని చెప్పారు.

ఈ రెండు సంఘటనల్లోనూ కొసరు వేసింది అమ్మినవారు కాదు, కొన్నవారు! బేరమాడటం సున్నతే అని చెప్పుకునే మనం, బేరమయ్యాక ఆయన (స) చూపిన ఔదార్యాన్ని సున్నత్ లెక్కలోంచి తీసేశాం. అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, బాకీ అడిగేటప్పుడూ మృదువుగా మెలిగే మనిషిని అల్లాహ్ కరుణించాలని ఆయన (స) ప్రార్థించారు. ఆ దుఆ షోరూము గుమ్మం దగ్గర ఆగిపోదు.

"ఉచితం" అంటే ఏమిటి?

షోరూములో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడదు. కారు ధరలో డీలరుకు మిగిలేది పరిమితం. మ్యాట్లు, కవర్లు, కెమెరాల వంటి వాటిలో మిగులు ఎక్కువ. పట్టీలో పదిహేను వేలని రాసి ఉన్న సామాను డీలరుకు అంతకంటే తక్కువకే పడుతుంది. అందుకే నగదు తగ్గించమంటే వెనుకాడే డీలరు సామాను ఇవ్వడానికి ముందుకు వస్తాడు. నెలాఖరున, సంవత్సరాంతాన అమ్మకాల లక్ష్యం పూర్తి కావాల్సి ఉంటే చెయ్యి ఇంకాస్త సడలుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఇది వ్యాపారం. కాని "ఉచితం" అన్నది పేరుకు మాత్రమే, అది కూడా బేరంలో భాగమే.

మన ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) ఈ విషయాన్ని ఎన్నో శతాబ్దాల క్రితమే చర్చించారు. బేరం ముగిసిన తరువాత అమ్మేవాడు సరుకు పెంచి ఇచ్చినా, కొనేవాడు ధర పెంచి ఇచ్చినా ఆ అదనం మొదటి ఒప్పందంలోనే కలిసిపోతుందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. ప్రసిద్ధ గ్రంథం హిదాయాలో దీనిపై చర్చ ఉంది. ఇమామ్ షాఫయీ (రహ్మలై) దృష్టిలో అది వేరుగా ఇచ్చిన కానుక. హనఫీ అభిప్రాయం ప్రకారం చూస్తే, మాట ఇచ్చిన మ్యాట్లు దయాభిక్ష కాదు, కొన్నవారి హక్కు. డెలివరీ రోజున "స్టాకు లేదు సార్, తరువాత చూద్దాం" అంటూ ఎగవేసే డీలరు ఆ హక్కును కాజేస్తున్నట్టే. అదే విధంగా ఒప్పుకున్న వాటికి మించి డెలివరీ రోజున, కారు చుట్టూ బంధువులంతా నిలబడి ఉండగా, "ఇది కూడా వెయ్యకపోతే తీసుకోము" అని మొండికేసే కొనుగోలుదారు కూడా ఎదుటివాడి హక్కును లాక్కుంటున్నట్టే.

కాబట్టి "ఏవో యాక్సెసరీలు ఇస్తాం" అనే మాటతో సరిపెట్టుకోకూడదు. ఏది, ఎన్ని, ఏ రకం అన్నది రాయించుకోవాలి. సరుకు వివరం అస్పష్టంగా ఉన్న బేరాలను షరీఅత్ ఎందుకు వారించిందో, డెలివరీ రోజున షోరూముల్లో జరిగే గొడవలు చూస్తే అర్థమవుతుంది.

"అందరూ అలాగే చెప్తారు సార్"

మళ్లీ మా సంగతికి వద్దాం. పిల్లవాడి ప్రశ్న మా బంధువును కూడా నిద్రపోనివ్వలేదు. డెలివరీకి వెళ్లిన రోజున ఆయన ఆ కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, "బాబూ, ఆ రోజు మేము వేరే షోరూముకు వెళ్లలేదు. అబద్ధం చెప్పాను. కెమెరా ధరెంతో చెప్పు, ఇస్తాను" అన్నారు. మేము కూడా మా తప్పు ఒప్పుకున్నాము. కుర్రవాడు నవ్వేశాడు. "అందరూ అలాగే చెప్తారు సార్. మేము కూడా అది లెక్కలో పెట్టుకునే మొదటి మాట చెప్తాం" అన్నాడు.

ఈ జవాబును తేలిగ్గా తోసివేయలేం. ఇద్దరికీ తెలిసిన ఆటలో అబద్ధమెక్కడిది? నమ్మేవాడు లేనప్పుడు మోసపోయేవాడెవడు? చాలామంది మంచివాళ్లు కూడా ఇలాగే సర్దిచెప్పుకుంటారు.

దీనికి మొదటి జవాబు: నిజంగా ఎవరూ నమ్మకపోతే ఆ మాట వల్ల కెమెరా వచ్చేదే కాదు. ఒకవేళ నిజమేమోనన్న అనుమానమే మేనేజరు మనసు మార్చింది. అబద్ధం తన పని తాను చేసింది. దాన్ని ఆట అని పిలిచినంత మాత్రాన చేసిన పని మారదు.

రెండవ జవాబు: పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం తప్ప ఒకరి సొమ్ము ఒకరు అన్యాయంగా తినకూడదని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా ఆదేశిస్తోంది. అబద్ధం విని ఒప్పుకున్నవాడు దేనికి ఒప్పుకున్నట్టు? లేని పోటీకి ఒప్పుకున్నాడు. అసలు సంగతికి అతని అంగీకారం మనం తీసుకోనే లేదు. అమ్మేవారు, కొనేవారు నిజం చెప్పి, ఉన్నది విప్పి చెప్పుకుంటే వారి బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకు పోతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హెచ్చరిక ఒక్క అమ్మేవాడికే కాదు, ఇద్దరికీ. ఇతరుల మధ్య సయోధ్య కుదర్చడం వంటి కొన్ని సందర్భాల్లో ఇచ్చిన సడలింపు హదీసుల్లో కనిపిస్తుంది. వాటిలో వ్యాపారం లేదు.

మూడవది అన్నింటికంటే బరువైనది. అబద్ధాలను లెక్కలో పెట్టుకునే షోరూము మొదటి మాట పెంచి చెబుతుంది. ఆ పెంచిన మాటకు నిజంగా డబ్బు కట్టేదెవరు? అబద్ధమాడగలిగినవాడు ఎలాగూ తప్పించుకుంటాడు. కట్టేది అడగటం చేతకానివాడు. పంట డబ్బుతో మొదటిసారి షోరూము మెట్లెక్కిన పల్లెటూరి రైతు, భర్త పోయాక పిల్లల చదువు కోసం బండి కొనుక్కునే స్త్రీ, "ఇదే ధర" అనగానే నమ్మి తలవంచే నిజాయితీపరుడు... వీరే మన కొసరు ఖర్చు భరిస్తున్నారు. మన ఉచిత కెమెరా వెల ఏ ముక్కూమొహం తెలియని మనిషి రసీదులోనో కలిసిపోతుంది.

మార్కెట్ ధర తెలియని వారి అమాయకత్వాన్ని వాడుకోవడాన్ని దైవప్రవక్త (స) ఎంత కఠినంగా చూశారో గమనించండి. పల్లెల నుంచి సరుకు తెచ్చేవారికి బజారు ధర తెలియక ముందే దారిలో ఎదురెళ్లి కొనడాన్ని ఆయన (స) నిషేధించారు. క్రయవిక్రయాల్లో తరచూ మోసపోయే ఒక సహాబీకి, బేరం చేసేటప్పుడు ఇందులో మోసం ఉండకూడదని ముందే చెప్పమని నేర్పించారు. ఎవరి నోరు పెద్దదో వారిది కాదు ఇస్లాం చూపిన బజారు. నోరులేనివాడు కూడా నష్టపోకుండా ఇంటికి వెళ్లగలిగే బజారు అది.

అబద్ధానికి ఉన్న మరికొన్ని ముఖాలు

పోటీ షోరూము పేరు చెప్పడం ఒక్కటే కాదు. కొన్ని సంస్థల ఉద్యోగులకు కంపెనీలు ప్రత్యేక తగ్గింపు ఇస్తాయి. దానికోసం బావమరిది గుర్తింపు కార్డు జిరాక్సు పెట్టేవారున్నారు. పాత బండి ఇచ్చేవారికి ఎక్స్ఛేంజ్ బోనస్ ఉంటుంది. ఇవ్వని బండి కాగితాలు ఇచ్చినట్టు చూపేవారున్నారు. సేల్స్‌మ్యానే ఆ దారి చూపించినా పాపం తగ్గదు, ఇద్దరి మధ్య పంచుకోబడుతుంది. నిజంగానే పాత కారు ఇచ్చేటప్పుడు ప్రమాదంలో దెబ్బతిన్న సంగతి దాచడం, మీటరు వెనక్కి తిప్పించడం ఇంకా ఘోరం. ధాన్యపు రాశి లోపల తడిని దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) ఏ మాటలతో మందలించారో మనమందరం జుమా ప్రసంగాల్లో విన్నవాళ్లమే.

మరొకటి ఈ మధ్య వచ్చింది. కారు తీసుకున్నాక కంపెనీ నుంచి ఫోను వస్తుంది, సేవలు ఎలా ఉన్నాయో మార్కులు వేయమంటారు. మార్కులు తగ్గితే ఆ కుర్రవాడి రాబడి మీద దెబ్బ పడవచ్చు. "పదికి పది వేయండి సార్, పెర్ఫ్యూమ్ ఇస్తాం" అని వాళ్లు అడుగుతారు. "సీటు కవర్లు వెయ్యకపోతే సున్నా వేస్తాం" అని మనవాళ్లు బెదిరిస్తారు. రెండూ ఒక్కటే. మార్కులు వేయడమంటే సాక్ష్యం చెప్పడం. సాక్ష్యాన్ని పెర్ఫ్యూముకు అమ్మకూడదు, సీటు కవర్లకు కుదువ పెట్టకూడదు.

ఇక మసీదు కోసమో, మదరసా కోసమో, పనిచేసే సంస్థ కోసమో బండి కొనేవారి విషయం. అక్కడ దొరికిన కొసరు ఎవరిది? జకాత్ వసూలుకు వెళ్లివచ్చిన ఒక వ్యక్తి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చిందని వేరు చేసి చూపినప్పుడు, నీ తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఇది నీకు వచ్చేదా అని దైవప్రవక్త (స) నిలదీశారు. కమిటీ డబ్బుతో కొన్న వ్యాను మీద వచ్చిన బంగారు నాణెమైనా, మిక్సీ అయినా కమిటీదే. కనీసం కమిటీ ముందు పెట్టి అడగాల్సిందే.

ఇంకొక ఎర కూడా ఉంది. "లోను మా దగ్గరే తీసుకోండి, యాక్సెసరీలన్నీ ఉచితం" అంటారు. వడ్డీ ఋణానికి కట్టిన రిబ్బను అది. సీటు కవర్లు వేసినంత మాత్రాన వడ్డీ హలాల్ కాదు. బీమా విషయంలో కూడా చూసుకోవాలి. కొత్త కారుకు 2018 సెప్టెంబరు 1 నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. కాని దాన్ని షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. బయట ధర కనుక్కుంటే ఉచిత సామాను ఖరీదు ఎక్కడ కలిసిందో చాలాసార్లు బయటపడుతుంది.

మరి ఎలా అడగాలి?

నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చి రమ్మని ఇస్లాం చెప్పలేదు. డబ్బు కూడా అల్లాహ్ అమానతే, దాన్ని వృథా చేయకూడదు. నిజంగా రెండు మూడు షోరూములకు వెళ్లండి. వారు రాసిచ్చిన ధర ఉన్నదున్నట్టు చెప్పండి. అది అబద్ధం కాదు, సమాచారం. మన దగ్గర గరిష్ఠంగా ఎంత ఉందో చెప్పనవసరం లేదు. మౌనం అబద్ధం కాదు. ఇరవై వేలు ఎక్కువ పెట్టగలిగి ఉండి "ఇంతకు మించి పైసా లేదు" అనడం అబద్ధం. కుదరకపోతే నిజంగా వెళ్లిపోవాలనుకుని లేవడం తప్పు కాదు. కారు ఏ నెలలో, ఏ సంవత్సరంలో తయారైందో అడగండి. మ్యాట్లు వద్దు, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. "ఇంకేమైనా ఇవ్వగలరా?" అన్న ఒక్క మాటలో ఏ పాపమూ లేదు. ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే సలాం. ఒకరితో మాట ఖాయమయ్యాక మాత్రం మరొకరి దగ్గరికి వెళ్లి "ఇంకెంత వేస్తారు" అని వేలం పెట్టకండి. ఒకరి బేరం కుదిరాక దానిపై మరొకరు బేరం చేయడాన్ని దైవప్రవక్త (స) వారించారు.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) సంఘటన ఉల్లేఖనాల్లో ఉంది. ఆయన మనిషి మూడు వందల దిర్హములకు ఒక గుర్రం బేరం చేసి తెచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, దాని యజమాని దగ్గరికి వెళ్లి, నీ గుర్రం అంతకంటే ఎక్కువ విలువైనదని చెప్పారు. తానే ధర పెంచుకుంటూ పోయి చివరకు ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స)కు తాను చేసిన ప్రమాణమే దానికి కారణమన్నారు. ఆ కాలపు గుర్రమే ఈ కాలపు కారు. మనలో ఎంతమందిమి ఆ ఎత్తుకు చేరగలమో తెలియదు. కాని ఎనిమిది వందలు ఇవ్వలేకపోయినా, మూడు వందలకు అబద్ధం కలపకుండా ఉండగలం కదా!

చివరికి మా బంధువు కెమెరా సంగతి ఏమైందంటారా? కుర్రవాడు మేనేజరుకు చెప్పాడు. మేనేజరు బయటికి వచ్చి, డబ్బు తీసుకోలేదు. "ఇంత దూరం వచ్చి నిజం చెప్పారు. ఇది మా తరఫున ఉంచుకోండి సార్" అన్నారు. అదే కెమెరా. కాని ఆ రోజు దాకా అది అబద్ధంతో గుంజుకున్న సొత్తు. ఆ క్షణం నుంచి, సంగతి తెలిసి మనసారా ఇచ్చిన కొసరు. పిల్లవాడు ఈసారి ఏమీ అడగలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని కారెక్కాడు.

అల్లాహ్ మన క్రయవిక్రయాల్లో సత్యాన్ని, మృదుత్వాన్ని, బర్కత్‌ను ప్రసాదించుగాక! మన పిల్లల ముందు మన మాటలను నిజం చేయుగాక! ఆమీన్.